చెల్లెలి నవలలో నేను ‘పాపం అక్క’నయ్యాను

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. ముగ్గురు అక్కచెల్లెళ్లలో పెద్దదాన్ని, మా తర్వాత తమ్ముడు. 1974లో పదో తరగతి పాసయ్యాను, 1976లో పెళ్లి చేసేశారు. రెండో చెల్లి టీచరు, ఆమె పెళ్లి 1984లో. చిన్న చెల్లి తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో పీజీ చేసి బ్యాంకులో చేరింది, 1989లో పెళ్లి చేసుకుంది. రిటైరయ్యాక ఒక నవల రాసింది. అరవైల నుంచి ఇప్పటిదాకా ముగ్గురు అక్కచెల్లెళ్ల కథ. ఊరి పేరు మార్చింది గానీ తెలిసినవాళ్లెవరైనా మమ్మల్ని ఇట్టే పోల్చుకుంటారు. అందులో పెద్దక్క నోట్లో నాలుక లేని మనిషి. మొగుడు అన్నం కంచం విసిరేస్తే మెతుకులు ఏరుకుంటూ కూర్చుంటుంది. కంచం సంగతి నిజమే. ఎప్పుడో కష్టం చెప్పుకుంటే విన్నది. మావారు పోయారు, పిల్లలకు ఆ విషయం తెలియదు. నవలలో అక్క పొలం వాటా కూడా ‘నాకొద్దు, చెల్లికివ్వండి’ అంటుంది. నేను వద్దనలేదు. 1996లో పంపకాలప్పుడు ‘నీకు హక్కు లేదు, ఇక్కడ సంతకం పెట్టు’ అన్నారు, పెట్టాను. చెల్లి హాస్టల్ ఖర్చుకి నేను జాకెట్లు కుట్టిన డబ్బులు మావారికి తెలియకుండా నాన్న చేతికిస్తే, ఆయన మనియార్డరు చేసేవారు. ఆ ముక్క నవలలో ఎక్కడా లేదు. మొన్న పెళ్లిలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ‘నీ కథ చదివి ఏడ్చాను, పాపం’ అంది. కోడలేమో ‘నిజంగా మీరు అలా ఉండేవారా అత్తయ్యా?’ అనడిగింది. చెల్లితో మాటలు మానేశాను. నిద్ర పట్టడం లేదు. మా అబ్బాయి పుస్తకం మీద, పొలం మీద కలిపి లాయర్ నోటీసు ఇద్దామంటున్నాడు. — ఒక పెద్దక్క

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో కంచం సంగతి నిజమేనని ఒప్పుకున్నారు, పొలం దగ్గర మాత్రం ‘నేను వద్దనలేదు’ అని గట్టిగా అన్నారు. అందుకే ముందు అదే మాట్లాడతాను.

మీకు హక్కు లేదన్నవాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పలేదు, పూర్తిగా నిజమూ చెప్పలేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం ఉన్నప్పుడు మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతోనే సమాన హక్కు ఇచ్చింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర కూడా ఇదే దారి పట్టాయి. గొప్ప చట్టమే, కాదనను. కానీ అందులో ఒక మెలిక పెట్టారు. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించదు. అంటే ఒకే తండ్రి బిడ్డల్లో మీరూ, రెండో చెల్లీ గీతకు ఇవతల ఉండిపోయారు. పెళ్లి కాకుండా చదువుకుంటున్న చిన్న చెల్లి అవతలికి వెళ్లింది. ఏడాది తేడాలో పెళ్లి పీటలెక్కిన పాపానికి మీ రెండో చెల్లి కూడా నష్టపోయింది. ఆవిడ ఏమనుకుంటున్నారో మీరు రాయలేదు గానీ, ఒకసారి అడగండి.

ఆ గీత 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం మారాకే చెరిగింది. ఆ రోజుకి తండ్రి బతికి లేకపోయినా కూతురికి హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను కొత్త చట్టం తిరగదోడదు. మీవి 1996 నాటివి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంత వాటాలో పెళ్లయిన కూతురికి కూడా 1956 నుంచే భాగం ఉంది. ‘నీకేం లేదు’ అన్నవాళ్లు ఇది చెప్పలేదు. తెలియక చెప్పలేదో, తెలిసీ చెప్పలేదో ఇప్పుడు మనం తేల్చలేం.

మీ అబ్బాయికి అంత పట్టుదల ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నకలు తీసుకుని, మీరు సంతకం పెట్టింది దేని మీదో చూసుకోమనండి. సాక్షి సంతకమా, హక్కు వదులుకున్నట్టు రాసిచ్చారా అన్నదాన్ని బట్టి మొత్తం మారిపోతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. కానీ ముప్ఫై ఏళ్ల నాటి కాగితం మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. నవల గొడవకూ దీనికీ ముడి పెట్టనే వద్దు. ఒకే నోటీసులో రెండూ కలిపారంటే, మీ బాధంతా డబ్బు కోసమేనని చెల్లి తేలిగ్గా అనేసుకుంటుంది.

ఇక నవల. మీ చెల్లి అబద్ధం రాసిందని నేననుకోవడం లేదు. మీ పెళ్లప్పుడు ఆమెకు పది, పదకొండేళ్లుంటాయేమో. పుస్తకాలు అటకెక్కించి, పసుపు బట్టలతో బండెక్కిన అక్కనే ఆమె చూసింది. తర్వాత పండక్కీ పబ్బానికీ వచ్చి, రెండు రోజులుండి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిన అక్కను చూసింది. ఆమె రాసింది ఆ అక్కనే. మిషను ముందు కూర్చుని రేటు మాట్లాడిన అక్కను, మొగుడికి తెలియకుండా డబ్బు దాచిన అక్కను ఆమె చూసి ఉండదు. పొలం విషయంలోనైతే, అక్క ప్రేమగా వదిలేసిందని నమ్మితేనే ఆ వాటాను ఆమె మనశ్శాంతిగా అనుభవించగలదు. అక్కకు దక్కనిది ఒక తేదీ వల్ల తనకు దక్కిందని ఒప్పుకోవడం కష్టం.

ఒక పాఠకుడిగా కూడా చెబుతాను. ఆరు దశాబ్దాల ఆడవాళ్ల జీవితాలు రాస్తూ, ముగ్గురు అక్కచెల్లెళ్లను రెండు ముక్కలు చేసిన చట్టాన్ని వదిలేసి, దాన్ని అక్క మంచితనం ఖాతాలో వేసేయడం నవలకే నష్టం. కన్నీళ్లొచ్చే సీను దొరికింది, అసలు కథ జారిపోయింది. ఈ మాట మీరు ఆమెతో అన్నా తప్పులేదు. రాసేవాళ్లకు ‘నన్ను బాధపెట్టావు’ అనే మాట కంటే ‘ఇక్కడ నీకు అసలు సంగతి తెలియలేదు’ అనే మాటే ఎక్కువ తగులుతుంది.

మనియార్డరు దగ్గర మీరే ఒకసారి ఆలోచించండి. డబ్బు మీరు నాన్న చేతిలో పెట్టారు. ఫారం మీద పంపినవారి పేరు ఆయనది. కింద ముక్కలో ‘క్షేమం, జాగ్రత్తగా చదువుకో’ అని రాసిందీ ఆయనే అయి ఉంటారు. తిరుపతిలో ఆ కాగితం అందుకున్న పిల్లకు అది అక్క కుట్టిన జాకెట్ల డబ్బని ఎలా తెలుస్తుంది? నాన్న చెప్పి ఉండకపోవచ్చు. మీరూ చెప్పినట్టు రాయలేదు. అప్పట్లో చెప్పకపోవడానికి కారణం ఉంది, మీ ఇంట్లో తెలిస్తే గొడవయ్యేది. ఇప్పుడా కారణం లేదు కదా. చెప్పని సంగతి ఆమె రాయలేదని ఇన్ని నెలలు కుమిలిపోతున్నారేమో చూసుకోండి.

కంచం సంగతి మాత్రం వేరు. అది మీ చెల్లి తప్పు, అందులో నాకు అనుమానం లేదు. కష్టంలో చెప్పుకున్న మాట రాసేముందు ఒక్కసారి ‘అక్కా, ఇది రాయనా?’ అని అడగాల్సింది. పుస్తకం మొత్తం వెనక్కి తీసుకోమనడం జరిగే పని కాదు, న్యాయమూ కాదు. అది ఆమె జీవితం కూడా. కానీ తర్వాతి ముద్రణలో ఆ సీను తీసెయ్యమనీ, మిమ్మల్ని పోల్చుకునే గుర్తులు మార్చమనీ అడిగే హక్కు మీకుంది. బతిమాలక్కర్లేదు, ‘ఇది తీసెయ్’ అని చెప్పండి. ఆమె ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు కొన్నాళ్లు దూరంగా ఉండాలనిపిస్తే ఉండండి, కానీ ఎందుకు దూరమవుతున్నారో ఆమెకు తెలిసి దూరమవ్వండి. ఇప్పుడు ఆమెకు అదీ తెలియదు.

పిల్లల ముందు అలాంటిదేం జరగలేదని బుకాయించొద్దు. అలాగని అన్నీ విప్పి చెప్పాల్సిన పనీ లేదు. ‘మీ నాన్నకు కోపం ఎక్కువ, కొన్నేళ్లు పడ్డాను’ అంటే చాలు. తర్వాత ఆయన మారారా, లేదా అన్నది మీకు తోచినంత చెప్పండి. కోడలి ప్రశ్నకు మీరు నొచ్చుకున్నట్టున్నారు. నాకైతే ఆ అమ్మాయి జాలిపడి అడిగినట్టు అనిపించలేదు. ఆ పిల్ల రోజూ చూస్తున్న అత్తయ్య ఒకరు, నవలలో అక్క ఇంకొకరు. పొంతన కుదరక అడిగింది. ఆమెకు జాకెట్ల సంగతి చెప్పండి. మొదటి కస్టమరు ఎవరు, డబ్బు ఎక్కడ దాచేవారు, మీవారు పసిగట్టకుండా ఎలా నెట్టుకొచ్చారు, ఇవన్నీ. చెల్లితో మాట్లాడే ముందు ఒకసారి ఎవరికైనా చెప్పుకున్నట్టూ ఉంటుంది, అప్పుడు గొంతు వణకదు.

నిద్ర లేకపోవడం ఇంకా ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోండి, బీపీ కూడా చూడమనండి. ఈ వయసులో టెన్షన్ పడుతూ రాత్రుళ్లు మేలుకుని ఉండటం మంచిది కాదు.

చెల్లితో ఫోన్లో తేల్చుకోవద్దు, బంధువుల వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. పండక్కి వస్తుంది కదా అని ఆగితే ఇంటినిండా జనం ఉంటారు. ఈ వారమే ఫోన్ చేసి, ‘నీ పుస్తకం చదివాను. నీకు తెలియనివి కొన్ని ఉన్నాయి, ఒక్కదానివే రా, రెండు రోజులుండేలా రా’ అనండి. కారణం అడిగితే వచ్చాక చెబుతాననండి. వచ్చాక మొదట హాస్టల్ డబ్బు సంగతి చెప్పండి, ఆ తర్వాత పొలం, చివర్న కంచం.