తాతగారి జర్మన్ తుపాకీ: పాతదైతే లైసెన్సు అక్కరలేదా?

ప్రశ్న (పొడవైన ఉత్తరం నుంచి కుదించినది): మాది జగిత్యాల జిల్లాలోని ఒక గ్రామం. మా తాతగారు 1940లలో హైదరాబాద్‌లో ఒక జర్మన్ డబుల్ బ్యారెల్ తుపాకీ కొన్నారు. ఆయన తర్వాత లైసెన్సు నాన్నగారి పేరు మీదికి మారింది. నాన్నగారు 2009లో కాలం చేశారు, ఆ తర్వాత ఎవరమూ దాని సంగతి పట్టించుకోలేదు. నిరుడు దసరాకు ఇల్లు బాగుచేయిస్తుంటే అటక మీద గోనెసంచిలో తుపాకీ, పద్నాలుగు పాత తూటాలు దొరికాయి. నూనె పెట్టి తుడిచాను, రెండు ట్రిగ్గర్లూ చక్కగా పనిచేస్తున్నాయి. మా తాతగారి చివరి గుర్తు అది, దాన్ని వదులుకోలేను. వందేళ్లు దాటిన పురాతన వస్తువుకు లైసెన్సు అవసరం లేదని మా బావగారు చెబుతున్నారు. నాన్నగారు పోయి ఇన్నేళ్లయింది కాబట్టి ఇక కేసు పెట్టడానికి వీలులేదని కూడా అంటున్నారు. మా మక్క చేలను అడవి పందులు నాశనం చేస్తున్నాయి, ఈ తుపాకీతో వాటిని కొట్టవచ్చా? లేకపోతే జర్మనీలో ఉన్న మా బావమరిదికి పంపించవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మీ తాతగారి గురించి ఉంది. కేసును తేల్చేది మాత్రం మీరు మామూలుగా రాసి వదిలేసిన ఒక్క వాక్యం: నూనె పెట్టి తుడిస్తే రెండు ట్రిగ్గర్లూ పనిచేస్తున్నాయి. ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 45(సి) ప్రకారం, పాతకాలపు నమూనాకు చెందినదైనా, పురాతన విలువ కలిగినదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి పనికిరాని ఆయుధానికే ఈ చట్టం వర్తించదు. వయసు ఒక్కటే మినహాయింపు తెచ్చిపెట్టదు, పేలే సామర్థ్యం లేకపోవడం కూడా ఉండాలి. మరమ్మతు చేస్తే పనిచేసే తుపాకీకే ఈ మినహాయింపు దక్కదంటే, మరమ్మతు కూడా అవసరం లేకుండా పనిచేస్తున్న మీ తుపాకీకి దక్కే ప్రశ్నే లేదు. కాబట్టి దానికి సెక్షన్ 3 కింద లైసెన్సు కావాలి. ప్రస్తుతం మీకు అది లేదు.

మీ బావగారు చెప్పిన వందేళ్ల లెక్క వేరే చట్టంలోది. పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972 కింద నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కావచ్చు. ఆ చట్టం అలాంటి వస్తువుల నమోదు, అమ్మకం, ఎగుమతి విషయాలు చూస్తుందే తప్ప ఆయుధ లైసెన్సు నుంచి ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898లో గాని అంతకు ముందు గాని తయారైన తుపాకీలకు వేరే వెసులుబాటు ఉంది, మన చట్టంలో అలాంటి సంవత్సరం ఏదీ లేదు. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన పరాయి దేశపు నియమాన్ని నమ్ముకుని ఇంట్లో తుపాకీ పెట్టుకున్న వారికి అది కోర్టులో జవాబుగా పనికిరాదు.

ఇక రెండో విషయం, మీకు ఎప్పుడు తెలిసింది అన్నది. స్వాధీనం నేరం కావాలంటే ఆ వస్తువు తన దగ్గర ఉందన్న ఎరుక ఉండాలని సుప్రీంకోర్టు గున్వంత్‌లాల్ కేసులో 1972లోనే చెప్పింది. దసరా వరకు అటక మీద తుపాకీ ఉన్న సంగతి మీకు నిజంగా తెలియకపోతే, అంతకు ముందు కాలానికి మీకు ఆ రక్షణ ఉంటుంది. ఆ తర్వాతి కాలానికి ఉండదు. ఏ కారణంగానైనా స్వాధీనం చట్టబద్ధం కాకుండా పోయినప్పుడు, ఆయుధాన్ని అనవసరమైన ఆలస్యం లేకుండా సమీప పోలీస్ స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గర గాని జమ చేయాలని సెక్షన్ 21(1) చెబుతోంది. దసరాకు దొరికిన తుపాకీని వేసవి దాకా ఇంట్లో ఉంచుకుని, తుడిచి, బంధువులకు చూపించి, పైగా ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టానని మీరే రాశారు. చదువుకున్న మనిషి చేయవలసిన పని కాదు ఇది. ఎరుక లేదన్న వాదనను మీ ఫోనే కాదంటుంది. అలాగని ఇప్పుడు ఆ ఫొటోలను చెరిపేయకండి, ఎవరికీ చెరిపేయమని చెప్పకండి. సాక్ష్యం మాయం చేయడం విడిగా నేరం. ఆలస్యానికి ఎలాగో సమాధానం చెప్పుకోవచ్చు, దాచిపెట్టడానికి సమాధానం ఉండదు.

ఇన్నేళ్లు గడిచాయి కాబట్టి కేసు చెల్లదన్న మాట పూర్తిగా తప్పు. లైసెన్సు లేకుండా తుపాకీ గాని, తూటాలు గాని ఉంచుకుంటే సెక్షన్ 25(1బి)(ఎ) కింద శిక్ష పడుతుంది. 2019 సవరణ తర్వాత అది రెండేళ్లకు తక్కువ కాకుండా ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవడానికి కాలపరిమితి విధించే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 514 మూడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకే వర్తిస్తుంది, ఐదేళ్ల శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి లేదు. 2019కి ముందున్న తక్కువ శిక్షే వర్తిస్తుందని ఎవరైనా వాదించినా ప్రయోజనం ఉండదు. తుపాకీ మీ ఇంట్లో ఉన్నంత కాలం నేరం కొనసాగుతూనే ఉంటుంది, కొనసాగే నేరానికి ప్రతి క్షణం కొత్తగా కాలం లెక్క మొదలవుతుందని సెక్షన్ 518 చెబుతోంది. నాన్నగారు 2009లో పోయారన్నది వారసత్వ వ్యవహారాల్లో లెక్కకు వచ్చే తేదీ, ఈ నేరం విషయంలో మిమ్మల్ని కాపాడే తేదీ కాదు.

ఇప్పుడు మీ బావగారి ఉపాయం సంగతి. పక్క ఊళ్లో లైసెన్సు ఉన్న బంధువు పుస్తకంలో ఈ తుపాకీని ఎక్కించి, నాన్నగారు బతికి ఉండగానే ఆయనకు ఇచ్చినట్టు పాత తేదీతో కాగితం రాయిద్దామన్నారని మీరు రాశారు. ఆ కాగితాన్ని ముట్టుకోకండి. దానితో ఇప్పటి వరకు స్వాధీనానికే పరిమితమైన వ్యవహారం ఫోర్జరీ అవుతుంది. లైసెన్సు లేని మీరు తుపాకీని చేయి మార్చడం సెక్షన్ 5కు విరుద్ధం. దానికి సెక్షన్ 25(1) కింద కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. రెండేళ్ల ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి ఏడేళ్ల ప్రమాదంలోకి నడవవద్దు, ఆ బంధువును లాగవద్దు. పాత వస్తువులు సేకరించేవాళ్లమని ఫోన్ చేసేవారికి అమ్మడమూ ఇదే నేరం. తూటాలను బావిలో పారవేయడం, గొట్టాలు కోసి పొట్టిగా చేయడం వంటి ఆలోచనలు ఉంటే వాటినీ మానుకోండి.

చేయవలసినది ఇది. ఈ వారంలోనే ఒక న్యాయవాది ద్వారా స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు, జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్‌కు ఒకే లేఖ రాయండి. నాన్నగారి లైసెన్సు వివరాలు, ఆయన మరణించిన తేదీ, తుపాకీ దొరికిన తేదీ, ఎవరి సమక్షంలో దొరికిందీ, ఎన్ని తూటాలు ఉన్నాయీ ఉన్నది ఉన్నట్టు రాసి, సెక్షన్ 21 కింద జమ చేస్తున్నానని స్పష్టంగా పేర్కొనండి. ఆ లేఖ అందినట్టు ముద్ర, సంతకం, తేదీ తీసుకున్న తర్వాతే తుపాకీ ఇల్లు కదలాలి. పోలీసులు వచ్చి పట్టుకున్నట్టు పంచనామాలో చేరడానికీ, మీరే తెలియజేసి అప్పగించినట్టు రసీదులో ఉండటానికీ మధ్య తేడా చాలా పెద్దది. సెక్షన్ 3 ఉల్లంఘనపై ప్రాసిక్యూషన్‌కు సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలి. ఆ అనుమతి ఫైలులో ముందుగా కనిపించేది మీ లేఖే కావాలని నా ఉద్దేశం. స్వచ్ఛందంగా జమ చేసినంత మాత్రాన చట్టం క్షమాభిక్ష ఇవ్వదు, కానీ మీ చేతిలో ఉన్న అత్యుత్తమ సాక్ష్యం అదే. అటక మీద తుపాకీ ఉన్న సంగతి మీ అమ్మగారికి ముందే తెలుసునని మీరు రాశారు. ఆమె విషయంలో ఏ వాక్యమైనా న్యాయవాదితో మాట్లాడకుండా లేఖలో చేర్చకండి, అబద్ధం మాత్రం అసలే రాయకండి.

వీలైతే స్టేషన్ మాల్ఖానాలో (జమ అయిన వస్తువులు ఉంచే గదిలో) కాకుండా లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గర జమ చేసేందుకు రాతపూర్వకంగా కోరండి. మాల్ఖానా చెమ్మకు పాత గొట్టాలు లోపల తుప్పు పడతాయి, ఒకసారి గుంటలు పడ్డ గొట్టం మళ్లీ మునుపటిలా కాదు. ఆ తుపాకీ మీద మీకున్న ప్రేమకు ఈ ఒక్క చోట చట్టంలో దారి ఉంది, దాన్ని వాడుకోండి.

జమ రసీదులోని వర్ణన దగ్గర మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మీ నాన్నగారి లైసెన్సు నకలులో తుపాకీ పేరు ‘క్రుప్, డీబీబీఎల్, 12 బోర్’ అని ఉంది (డీబీబీఎల్ అంటే వెనుక నుంచి తూటా నింపే డబుల్ బ్యారెల్, బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత). మీరు పంపిన ఫొటోలో మాత్రం తాళాల (పేల్చే యంత్రాంగం) పక్కన ‘జె.పి. సావర్ అండ్ జోన్, సూల్’ అని చెక్కి ఉంది. సూల్ అనేది జర్మనీలోని తురింగియా ప్రాంతపు పట్టణం, సావర్ సంస్థ అక్కడ 1751లో మొదలైంది. క్రుప్ అన్నది గొట్టానికి వాడిన ఉక్కు పేరు, తుపాకీ తయారీదారు పేరు కాదు. గుమాస్తా గొట్టం మీద కనిపించిన పేరును రాసుకున్నాడు. మీరు నంబరు అనుకుని రాసి పంపిన వృత్తంలోని 12 కూడా బోరు గుర్తే. 1891 నాటి జర్మన్ తుపాకుల పరీక్షా చట్టం తర్వాత గొట్టాల మీద కిరీటం కింద అక్షరాలతో అధికారిక ముద్రలు వేసేవారు, వాటి నడుమ అసలు క్రమసంఖ్యను గుర్తించడం తెలిసినవారి పని. వ్యాపారి గొట్టాలను విప్పి అడుగు భాగంలోని సంఖ్యనూ, ముద్రలనూ చూసి రసీదులో రాయాలి. లైసెన్సులో ఉన్నది, రసీదులో ఉన్నది ఒకే తుపాకీ అని నిరూపించలేకపోతే, ఇది నాన్నగారి తుపాకీయే అన్న మీ వాదనకు ఆధారం పోతుంది. ఎన్నికల సమయంలో నాన్నగారు స్టేషన్‌లో తుపాకీ జమ చేసి తెచ్చుకున్న రసీదులు, రెన్యువల్ చలాన్లు ఇంట్లో ఉంటే వెతకండి. స్టేషన్ ఆయుధాల రిజిస్టరు, కలెక్టరేట్‌లోని లైసెన్సు ఫైలు నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఈ పత్రాలు లేకుండా దరఖాస్తు మొదలుపెట్టవద్దు.

జమ చేశాక నిద్రపోకండి. నియమాల్లో నిర్ణయించిన గడువులోగా లైసెన్సు తెచ్చుకుని వెనక్కి తీసుకోవడమో, అర్హత ఉన్నవారికి అమ్మించడమో చేయకపోతే సెక్షన్ 21(3) కింద తుపాకీ ప్రభుత్వపరం అవుతుంది. అంతకు ముందు కారణం చెప్పమని నోటీసు వస్తుంది, జవాబుకు ముప్పై రోజులే. చిరునామా మారితే తెలియజేయండి, కవరు మీద అందిన తేదీ రాసి భద్రపరచండి. లైసెన్సుదారు మరణించిన తర్వాత వారసుడికి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు 2016 ఆయుధ నియమాల్లో ఉంది. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు సిద్ధం చేసుకోండి. గొట్టం ఇరవై అంగుళాలకు తగ్గని స్మూత్ బోర్ (గొట్టం లోపల గాడులు లేని) తుపాకీని రక్షణకో, క్రీడకో కోరే పౌరుడికి అనుకూలంగా సెక్షన్ 13(3) ఉంది. మీ తుపాకీ ఆ కొలతకు సరిపోతుంది. లైసెన్సు నిరాకరిస్తే సెక్షన్ 18 కింద అప్పీలు చేయవచ్చు.

అయితే లైసెన్సు వచ్చినా అది వేటకు అనుమతి కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 సెక్షన్ 9 వేటను నిషేధించింది. 2022 సవరణ తర్వాత అడవి పంది ఆ చట్టంలోని రక్షిత జంతువుల రెండో షెడ్యూలులో ఉంది. పంటకు ప్రమాదంగా మారిన జంతువును చంపడానికి సెక్షన్ 11(1)(బి) కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని కారణాలు చూపి రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అది లేకుండా కాల్చబోవడం కూడా చట్టం దృష్టిలో వేటే. మూడేళ్ల వరకు జైలు గాని, లక్ష వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు, వాడిన ఆయుధం ప్రభుత్వానికి పోతుంది. మీకు గోదావరి అవతల కవ్వాల్ పులుల అభయారణ్యం ఉందని మరవకండి, అభయారణ్యంలో వేటకు శిక్ష ఇంకా ఎక్కువ. పంట నష్టానికి అటవీశాఖకు దరఖాస్తు ఇప్పుడే పెట్టండి, దానికి తుపాకీతో పనిలేదు. మరొక్క మాట: ఆ కాలపు జర్మన్ తుపాకీల్లో చాలా వాటి ఛాంబర్ (తూటా కూర్చునే గది) 65 మిల్లీమీటర్లే. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా, పేలకముందు పొట్టిగా ఉండటం వల్ల, అందులో సులువుగా దిగిపోతుంది. పేలినప్పుడు ముందుకు విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. నిపుణుడు కొలవకుండా ఎవరినీ కాల్చనివ్వకండి.

మీ బావమరిదికి పంపడం గురించి: జర్మనీలో వేట పరీక్ష పాసై యాగ్ట్‌షైన్ అనే వేట అనుమతిపత్రం పొంది, తుపాకీని తన ఆయుధ స్వాధీన పత్రంలో నమోదు చేయించుకున్నవారు ఇలాంటి పాత సావర్‌లతో అడవి పందిని చట్టబద్ధంగానే వేటాడతారు. ఆయనకు ఆ పత్రాలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉన్నా ఇక్కడి నుంచి పంపడానికి సెక్షన్ 10 కింద ఎగుమతి లైసెన్సు కావాలి. తుపాకీ నూరేళ్లు దాటి ఉండి పురావస్తువు కిందికి వస్తే, ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించడానికే వీలులేదు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ పురావస్తువు కాదని ధ్రువపత్రం ఇస్తే తప్ప ఆ ఆలోచన పక్కన పెట్టండి. సామానులో పెట్టి పంపడమన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. లేఖ ముసాయిదా సిద్ధం చేయించుకునేటప్పుడు నాన్నగారి లైసెన్సు అసలు పుస్తకం, మరణ ధ్రువపత్రం వెంట తీసుకెళ్లండి. తుపాకీని మాత్రం న్యాయవాది కార్యాలయానికి తీసుకెళ్లకండి.