మెడలో బిళ్ల కట్టిందంటే టీబీయేనా?

చి. బుజ్జికి,

ఈఎన్‌టీ ఓపీలో కూర్చుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నేను కొత్తలో పొరబడ్డ కేసొకటి రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్ల కుర్రాడు. కుడి టాన్సిల్ మీద పుండు, అటువైపే దవడ కింద బిళ్ల. నొప్పి లేదు, జ్వరం లేదు. టీబీ అనుకున్నాను, ఆపైన లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అని భయపడి ముక్క తీసి పంపాను. పెథాలజిస్టు ఫోన్ చేసి, "ప్లాస్మా కణాలు కుప్పలుగా ఉన్నాయండీ, వీడీఆర్‌ఎల్ చేయించారా?" అన్నారు. అది సుఖవ్యాధికి చేసే రక్తపరీక్ష, చేయించలేదు. వాళ్లమ్మ పక్కనే నిలబడితే, అడగాల్సింది అడగలేక వదిలేశాను. తేలింది సిఫిలిస్, పాతవాళ్లు సవాయి అనేవారే, అది.

ఒకవైపే పుండు, నొప్పి లేదు, బిళ్ల రబ్బరులా గట్టిగా ఉంది అంటే ఆగి ఆలోచించు. సోకిన 10 నుంచి 90 రోజుల్లో ఆ పుండు పుడుతుంది, మందు వేయకపోయినా 3–6 వారాల్లో మానిపోతుంది. దాంతో రోగి రావడం మానేస్తాడు, జబ్బు లోపలే ఉంటుంది. తొలిరోజుల్లో వీడీఆర్‌ఎల్ నెగటివ్ రావచ్చు. అనుమానం పోకపోతే రెండు వారాలాగి మళ్లీ చేయించు, సిఫిలిస్‌ను నిర్ధారించే టీపీహెచ్‌ఏ రక్తపరీక్ష కూడా. నోటి పుండు విషయంలో డార్క్‌ఫీల్డ్‌ను, అంటే పుండు రసిలో క్రిమిని మైక్రోస్కోపుతో వెతకడాన్ని, నమ్మకు. మామూలు నోట్లోనూ సిఫిలిస్ క్రిమిలాంటి ట్రెపొనీమాలు ఈదుతుంటాయి.

గొంతులో గనేరియా (సెగవ్యాధి) ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. స్వాబ్ తీసి న్యాట్‌కు (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్షకు) పంపాల్సిందే. గొంతులో అది మొండిది, మందు వేశాక ఒకటి రెండు వారాలకు మళ్లీ పరీక్షించు. ఎల్‌జీవీకి (క్లామిడియా క్రిమితో వచ్చే సుఖవ్యాధికి) గజ్జల్లో బిళ్లలు కడతాయని చదివావుగా, నోటి ద్వారా సోకితే మెడలోనూ కట్టొచ్చు. అరుదనుకో.

ఇక అడగడం. ముందు తోడొచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టు. "ఇలాంటి పుండుంటే అందరినీ అడుగుతాను" అని మొదలుపెట్టి, నోటితో కలయిక ఉందా అని సూటిగా అడుగు. జవాబు ఏదైనా ముఖం మార్చకు, కంగారులో నవ్వకు. నేను నవ్వాను ఒకసారి, ఆ మనిషి మళ్లీ రాలేదు.

తొలిదశ సిఫిలిస్‌కి బెంజథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు కండలోకి, ఒక్కసారే. అలర్జీ ఉందేమో అడుగు. ఆ రోజు జ్వరం రావచ్చని ముందే చెప్పు, లేకపోతే ఇంజెక్షన్ పడలేదని హడలిపోతారు. హెచ్‌ఐవీ పరీక్ష మరవకు. భాగస్వామినీ పిలిపించు. ఖర్చుకు జంకితే ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది.

ఆ కుర్రాడికి అప్పటికే పెళ్లి కుదిరింది. ముహూర్తం వాయిదా వేయించుకోమని ఒప్పించడానికి నాకు అరగంట పట్టింది. వాళ్లమ్మకు ఏం చెప్పాలన్నది మాత్రం అతనికే వదిలేశాను.

మీ పెదనాన్న