మార్ఫాన్ ఉన్నవారు ఇంట్లో బీపీనీ, ఏటా అయోర్టానూ ఎలా చూసుకోవాలి: 12 ఏళ్ల అనుభవంతో ఒక జవాబు

చెన్నైలో ఉంటున్న మీ తమ్ముడికి 24 ఏళ్లకు మార్ఫాన్ సిండ్రోమ్ అని తేలిందనీ, బీపీ 116/72 దగ్గరే ఉన్నా డాక్టరు మాత్ర ఎందుకు రాశారో అర్థం కాలేదనీ, ఇంట్లో బీపీ ఎలా చూడాలో, ఎకో (గుండె స్కాన్) అంకెలను ఎలా చదవాలో చెప్పమనీ అడిగారు. నాకూ అదే జబ్బు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ 12 ఏళ్లుగా దీన్ని కనిపెట్టుకుని ఉన్నాను. నేను డాక్టరును కాను. మోతాదుల సంగతి మాత్రం మీ తమ్ముడి డాక్టరునే అడగండి.

ముందు మాత్ర విషయం. ఈ జబ్బులో ఎఫ్‌బీఎన్1 అనే జన్యువులో లోపం వల్ల ఫైబ్రిలిన్ అనే ప్రోటీన్ సరిగ్గా తయారు కాక, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని అయిన అయోర్టా గోడ బలహీనపడి, మొదలు దగ్గర మెల్లగా ఉబ్బుతూ వస్తుంది. మా అపార్ట్‌మెంటులో సంపు మోటారు వేసిన తొలి క్షణంలో పైపు ఎలా అదురుతుందో, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ గోడకు అలాంటి తోపు తగులుతుంది. బీటా బ్లాకరు అనే రకం మాత్ర ఆ తోపు జోరును తగ్గిస్తుంది, నాడినీ నెమ్మది చేస్తుంది; అందుకే బీపీ మామూలుగా ఉన్నవారికీ రాస్తారు. అది పడనివారికి లోసార్టాన్ వంటివి ఇస్తారు. పిల్లలు, యువకుల మీద అటెనొలాల్ అనే బీటా బ్లాకరునూ లోసార్టాన్‌నూ పోల్చి 2014లో ప్రచురించిన పరిశోధనలో అయోర్టా పెరిగే వేగంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

బీపీ చూడటంలో నేను చేసిన పెద్ద పొరపాటు కఫ్, అంటే చేతికి చుట్టే పట్టీ విషయంలో జరిగింది. మెషీన్‌తో వచ్చిన కఫ్ మీద 22 నుంచి 32 సెంటీమీటర్లు అని రాసి ఉంది. సన్నగా పొడుగ్గా ఉండే నా చెయ్యిని మోచేతికి పైన టైలరు టేపుతో కొలిస్తే 20 వచ్చింది. కఫ్ చేతికి మించి పెద్దదైతే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఏడాదిన్నర పాటు 110, 112 అని రాసుకుని సంబరపడ్డాను. చిన్న కఫ్ తెప్పించి ఒకే ఉదయం రెండింటితోనూ చూస్తే 8 పాయింట్ల తేడా. కాబట్టి మెషీన్ కంపెనీ ఏదా అని వెతికే ముందు మీ తమ్ముడి చెయ్యి కొలవండి.

వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యిని గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, ఉదయం మాత్రకు ముందూ, రాత్రీ నిమిషం తేడాతో రెండేసి సార్లు చూస్తాను. రోజూ కాదు, డాక్టరును కలవడానికి ముందు వారం, మోతాదు మారినప్పుడు మరో వారం. నాడి కూడా పక్కనే రాస్తాను. ఒకసారి సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటుకుని ఆస్పత్రికి చేరేసరికి 146 వచ్చింది. పుస్తకంలో వారం సగటు 118 ఉండటం చూసి డాక్టరు మందు పెంచలేదు.

ఎకో విషయంలో అంకె కంటే అది ఎలా వచ్చిందన్నది ముఖ్యం. నాకు ఎకోలో అయోర్టా వెడల్పు 41 మిల్లీమీటర్లు ఉన్నది, ఆరు నెలలకు వేరే చోట తీసిన సీటీలో 44 అని వస్తే రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. తీరా చూస్తే అయోర్టాకు సరిగ్గా అడ్డంగా కాక ఏటవాలుగా కొలిచారు. అరటికాయను ఏటవాలుగా కోస్తే చక్రం కోడిగుడ్డు ఆకారానికి సాగినట్టే ఇదీను. సరిగా మళ్లీ కొలిస్తే 41 మీద అర. అప్పటినుంచి ఒకే చోట, ఒకే పద్ధతిలో తీయించుకుని, రిపోర్టుతో పాటు సీడీ కూడా దాచుకుంటున్నాను. మామూలుగా మొదటి ఎకో తర్వాత ఆరు నెలలకు రెండోది, పెరుగుదల లేకపోతే ఆపై ఏడాదికొకటి తీస్తారు. 50 మిల్లీమీటర్ల దగ్గర ఆపరేషన్ మాట వస్తుంది. ఇంట్లో ఎవరికైనా అయోర్టా చీలి ఉంటే, లేదా ఉబ్బు వేగంగా పెరుగుతుంటే 45 దగ్గరే ఆలోచిస్తారు.

మా నాన్నగారు 43 ఏళ్లకే పోయారు. భుజాల మధ్య చీల్చినట్టు నొప్పి అంటే మా ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చి పంపించారు. ఆయనకు ఈ జబ్బు ఉందని అప్పటికి మాకెవరికీ తెలియదు. అందుకే నా పర్సులో ఒక చీటీ ఉంటుంది: "మార్ఫాన్ ఉంది, ఛాతీలో గానీ వీపులో గానీ హఠాత్తుగా నొప్పి వస్తే, ఈసీజీ బాగున్నా సరే, అయోర్టా చీలలేదని సీటీతో తేల్చండి." మీరు తమిళంలో కూడా రాయించండి.

విరేచనాలకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ రకం మాత్రలు అయోర్టాకు ప్రమాదం కావచ్చనీ, మార్ఫాన్, ఇలాంటిదే మరో జన్యు జబ్బు అయిన ఎహ్లర్స్ డాన్లోస్ ఉన్నవారికి వేరే దారి లేకపోతే తప్ప ఇవ్వొద్దనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. ఊపిరి బిగబట్టి బరువులెత్తడం కూడా వద్దంటారు. నేను జిమ్ సులువుగానే మానేశాను గానీ, 20 లీటర్ల నీళ్ల క్యాను ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించడం మానడానికి మా ఆవిడ రెండేళ్లు పోట్లాడాల్సి వచ్చింది.

ఒక్క జాగ్రత్త: ఇదంతా మార్ఫాన్‌కు వర్తించేది. రక్తనాళాల రకం ఎహ్లర్స్ డాన్లోస్‌లో ధమని ఉబ్బకుండానే చిట్లవచ్చు. అక్కడ ఈ మిల్లీమీటర్ల లెక్కను నమ్ముకోకూడదు.

మార్ఫాన్ తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం ఉంటుంది. సుమారు నలుగురిలో ఒకరికి మాత్రం కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా వస్తుంది. మీ అమ్మానాన్నలకు గానీ మీకు గానీ ఎకో తీయించినట్టు ప్రశ్నలో ఎక్కడా రాయలేదు. తమ్ముడి తర్వాతి అపాయింట్‌మెంటు రోజునే మీ ముగ్గురికీ తీయించండి.