సమాధానం: గ్లిసరాల్ గ్రాఫు సరళరేఖగా రావడం లేదు

గుంటూరులో మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గ్లిసరాల్ సడలింపు కాలాన్ని (అణువులు తిరిగి సర్దుకోవడానికి పట్టే సమయాన్ని) డైఎలక్ట్రిక్ పద్ధతిలో, అంటే మారే విద్యుత్ క్షేత్రానికి ద్రవం ఎలా స్పందిస్తుందో చూసి కొలిచారు. ఆ కాలపు లాగరిథమ్‌ను 1/ఉష్ణోగ్రతకు ఎదురుగా గీసిన గ్రాఫు వంగిందని, రెండోసారి కొలిచినప్పుడు సడలింపు శిఖరం (శక్తి నష్టం అత్యధికమయ్యే చోటు) ఎక్కువ పౌనఃపున్యం వైపు జరిగిందని రాశారు.

దయచేసి ఆ కొలతలను పారేయకండి. వంపు నిజమైనదే, అసలు విశేషమంతా అందులోనే ఉంది! ద్రవం చల్లబడే కొద్దీ ఒక అణువు తిరగాలంటే చుట్టుపక్కల అణువులు కూడా జరిగి చోటివ్వాలి. అందుకే ఆ గ్రాఫును సరళరేఖగా ఇచ్చే అర్రేనియస్ సమీకరణం చాలదు; వోగెల్–ఫుల్చర్–టమ్మన్ సమీకరణం వాడండి. అందులో హారంగా ఉష్ణోగ్రత ఒక్కటే ఉండదు, దానిలోంచి ఒక స్థిరాంకాన్ని తీసివేస్తారు. గ్లిసరాల్‌కు అది 130 కెల్విన్ ప్రాంతంలో వస్తుంది. గాజు పరివర్తన (ద్రవం స్ఫటికం కాకుండానే గాజులా గట్టిపడటం) మాత్రం 190 కెల్విన్ దగ్గర. అక్కడ సడలింపు కాలం 100 సెకన్ల స్థాయికి చేరుతుంది.

శిఖరం జరగడానికి నేను మొదట అనుమానించేది తేమనే. గ్లిసరాల్ నీటిని బాగా పీల్చుకుంటుంది, మన కృష్ణాతీరపు గాలిలో మరీను. నీరు చేరితే అణువుల కదలిక వేగవంతమై పరివర్తన ఉష్ణోగ్రత పడిపోతుంది. నమూనాను శూన్యంలో కాస్త వేడిచేసి, ఆరబెట్టి, వెంటనే కొలత సెల్‌లో మూసివేసి మళ్లీ కొలవండి.

తక్కువ పౌనఃపున్యాల దగ్గర నిటారుగా లేచే భాగం విద్యుద్వాహకత వల్ల వచ్చేది. దాన్ని సడలింపు శిఖరంతో కలపకండి.