కరెంటు పోతే మేడ మీది సోలార్ ఎందుకు ఆగిపోతుంది?

ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే కరెంటు లైన్‌కు కలిపిన సోలార్, ఎండ ఎంత కాస్తున్నా, కరెంటు పోగానే ఆగిపోతుంది. అది లోపం కాదు, అలాగే తయారుచేస్తారు. లైన్ ఆపేశారన్న ధీమాతో లైన్‌మన్ స్తంభం ఎక్కినప్పుడు ఏదో ఒక మేడ మీది నుంచి కరెంటు వెనక్కి పారితే ప్రాణమే పోతుంది. పైగా ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11 కేవీకి, అంటే 11 వేల వోల్టులకు పెంచేస్తుంది! అందుకే లైన్‌లో సరైన వోల్టేజి, 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ కనిపించకపోతే, ప్లేట్ల కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్ రెండు సెకన్లలోపు తప్పుకుంటుంది. కరెంటు వచ్చాక కూడా నిమిషం పాటు లైన్ నిలకడ చూసుకుని గానీ కలవదు.

ఉదాహరణకు 3 కిలోవాట్ల ప్లేట్లు మంచి ఎండలో రోజుకు సుమారు 12 యూనిట్లిస్తాయి. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు తీస్తే నాలుగు యూనిట్ల దాకా పోయినట్టే. పగటి కోతలున్న చిన్న ఊళ్లలో రాబడి లెక్క ఇది తీసేసి వేసుకోవాలి.

మిగులు కరెంటు నెట్ మీటర్‌లో (లైన్ నుంచి తీసుకున్నదీ, లైన్‌కు పంపినదీ కొలిచే మీటర్) దాగి ఉంటుందని చాలామంది అనుకుంటారు. మీటర్ లెక్కే రాస్తుంది, దాచదు. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్‌కు బ్యాటరీ తగిలించినా లాభం లేదు. కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. దాని బ్యాకప్ వైపుకు లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ వైరింగ్ విడిగా లాగాలి. బోరు మోటారు మాత్రం అటు కలపొద్దు, స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటుకు ఇన్వర్టర్ ట్రిప్పవుతుంది.