బల్బును ఎంచుకున్నది ఎవరు అన్నదే మీ కేసు

ప్రశ్న: మాది సూర్యాపేట. నాన్నగారు ముచ్చటపడి కొనుక్కున్న 2009 మోడల్ బొలెరోను ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. రాత్రిళ్లు హెడ్‌లైట్ వెలుతురు చాలడం లేదని 2023 జూన్‌లో హైదరాబాద్‌లోని ఒక యాక్సెసరీస్ షాపులో కొత్త బల్బులు వేయించాను. జీఎస్‌టీ కలుస్తుందంటే బిల్లు వద్దన్నాను. డబ్బు మాత్రం ఫోన్‌పేలో కట్టాను. వేసే ముందు షాపు అతను వాట్సాప్‌లో ‘100/90 వేస్తా అన్నా, వైరింగ్‌కు ఏం కాదు’ అని మెసేజ్ పెట్టాడు. అదే ఏడాది నవంబర్ 18 రాత్రి కుడివైపు హెడ్‌లైట్ వెనుక మంటలు వచ్చాయి. రిపేరుకు 68,400 రూపాయలు అయింది. బండిలో అనుమతి లేని మార్పు చేశారంటూ బీమా కంపెనీ 2024 ఫిబ్రవరి 6న క్లెయిమ్ తిరస్కరించింది. అప్పటి నుంచి ఆ ఆఫీసు చుట్టూ, షాపు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. తెలిసిన షాపులో మామూలు బల్బుల బిల్లు పాత తేదీతో తీసుకుని, మిగిలిన ఎడమ బల్బు కూడా మార్చేయమని మిత్రుడు చెబుతున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు (2025 సెప్టెంబర్): మీ ఉత్తరంలో ఎక్కువ భాగం నాన్నగారి గురించి, ఆ బండితో మీ కుటుంబానికున్న అనుబంధం గురించి ఉంది. వినియోగదారుల కమిషన్ ముందు వాటికి విలువ ఉండదు. మీరు మాటవరసకు రాసిన ఆ వాట్సాప్ వాక్యమే మీ కేసు మొత్తం. ఎక్కువ వెలుతురు కావాలని మీరు అడిగారు. ఏ బల్బు వేయాలో షాపు నిర్ణయించింది, పైగా వైరింగ్‌కు ఏమీ కాదని హామీ ఇచ్చింది. మీరే 100 వాట్ల బల్బు కావాలని పట్టుబట్టి ఉంటే, తప్పు మీ ఎంపికదేనని షాపు చేతులు దులుపుకునేది. కాబట్టి ఆ మెసేజ్‌కు ముందూ వెనుకా మీరు ఏం రాశారో నిజాయితీగా చూసుకుని ఆ తరువాతే ముందుకు వెళ్లండి.

ఆ హామీ ఎందుకు తప్పో ముందు చూద్దాం, ఎందుకంటే కమిషన్‌కు దాన్ని వివరించవలసింది మీరే. హెచ్4 రకం మామూలు బల్బు 60/55 వాట్లది, అంటే హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55. 12 వోల్టుల బండిలో 60 వాట్ల బల్బు ఇంచుమించు 5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటే, 100 వాట్లది 8.3 ఆంపియర్లు తీసుకుంటుంది. తీగలోనూ, హోల్డర్ పిన్నుల దగ్గరా పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, వెలుతురు కోసం వాట్లు ఒకటిన్నర రెట్లు దాటితే వేడి దాదాపు 2.8 రెట్లవుతుంది. పద్నాలుగేళ్ల బండిలో పిన్నులు తుప్పు పట్టి, వదులై ఉంటాయి. రిలే (బల్బుకు కరెంటును బ్యాటరీ నుంచి నేరుగా అందించే స్విచ్చు), మందపాటి తీగలు వేయకుండా ఆ పాత వైరింగ్ మీదే 100/90 బల్బు బిగించడం ఈ పని చేసేవారు చేయకూడని పొరపాటు. కాలిన హోల్డర్ ఫోటో మీరు పంపారు: తెల్ల ప్లాస్టిక్ నల్లబడి, మూడు పిన్నులలో ఒకటి కరిగిన ప్లాస్టిక్‌లో కూరుకుపోయి ఉంది. మంట బ్యాటరీ దగ్గర కాక అక్కడే మొదలైందని చెప్పే సాక్షి ఆ ముక్కే. దాన్ని పారేయలేదనే ఆశిస్తున్నాను.

ఇక మీ మిత్రుడి సలహా. దాని దరిదాపులకు కూడా వెళ్లకండి. కమిషన్ ముందు జరిగేదాన్ని చట్టం న్యాయ విచారణగానే పరిగణిస్తుంది. అక్కడ కల్పించిన సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు, దొంగ బిల్లుకు ఫోర్జరీ నేరం అదనం. పట్టుబడరన్న ధీమా కూడా అక్కర్లేదు. మంటల తరువాత నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు బండిని చూసి ఫోటోలు తీసి ఉంటాడు, మీ వాట్సాప్ షాపు ఫోనులోనూ ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, మామూలు బల్బులే ఉన్నాయని మీరు చెప్పిన మరుక్షణం షాపు మీద మీకు కేసే ఉండదు. మీ తరఫున ఉన్న ఒకే ఒక్క మంచి రుజువును మీ చేతులతో మీరే చెరిపేసుకున్నట్టవుతుంది.

నిజం చెబితే బీమా కంపెనీ దగ్గర ఓడిపోతామని మీ భయం. ఆ భయం సగమే నిజం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ‘మార్పు’ అంటే బండి నిర్మాణంలో చేసి దాని మౌలిక స్వరూపాన్ని మార్చేది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో బల్బు వాట్లు ఉండవు, అదే హోల్డర్‌లో కూర్చునే బల్బును మార్చడాన్ని ఆ నిర్వచనంలోకి లాగడం అంత తేలిక కాదు. అయితే బండిని సరైన స్థితిలో ఉంచుకోవడానికి తగిన జాగ్రత్తలు తీసుకోవాలన్న షరతు పాలసీలో ఉంటుంది, కంపెనీ వాదన చివరికి అక్కడికే వస్తుంది. దానికి మీ జవాబు కూడా ఆ మెసేజే: తెలిసి నిర్లక్ష్యం చేయలేదు, పని తెలిసినవాడి మాట నమ్మాను. షరతు ఉల్లంఘన ఉందని కమిషన్ భావించినా, 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు సమ్మతించిన పద్ధతిలో, నాన్‌ స్టాండర్డ్ క్లెయిమ్‌గా, అంటే షరతు తప్పినందుకు కొంత కోత పెట్టి, 75 శాతం వరకు ఇప్పించమని అడగవచ్చు. ఇద్దరి మీదా మీరు చెప్పవలసింది ఒకే కథ, జరిగిన కథే.

గడువు విషయంలో మాత్రం మిమ్మల్ని మందలించక తప్పదు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే సమయం. బల్బు కొన్న తేదీ నుంచి లెక్కేస్తే అది జూన్‌లోనే అయిపోయింది, షాపు అదే వాదిస్తుంది. నష్టం జరిగింది, లోపం బయటపడింది నవంబర్ 18న కాబట్టి గడువు అప్పుడే మొదలైందన్నది మన వాదన, అది నిలబడే వాదనే. కానీ ఆ లెక్కన కూడా మిగిలింది రెండు నెలలు. బీమా కంపెనీ మీద 2026 ఫిబ్రవరి వరకు ఉంది. తిరస్కరించిన ఏడాదిలోపు, బీమా ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించే మంచి దారిని మీరు ఈ ఫిబ్రవరిలోనే పోగొట్టుకున్నారు. ఆఫీసుల చుట్టూ తిరగడం, విన్నపాలు రాయడం, రేపు రమ్మన్న మాటలు నమ్మడం, వీటిలో ఏదీ గడువును ఆపదు. జాప్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, తిరుగుతూ ఉన్నానన్నది సరైన కారణంగా చూపించడం కష్టం.

బిల్లు వద్దనడం మరో అశ్రద్ధ. అయినా బిల్లు లేనంత మాత్రాన మీరు వినియోగదారు కాకుండా పోరు. డబ్బు చెల్లించినట్టు రుజువైతే చాలు. ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తెచ్చుకోండి. వాట్సాప్ సంభాషణను ముక్కలుగా కాక మొదటి నుంచి చివరి దాకా ప్రింటు తీయించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే సర్టిఫికెట్ జతచేయండి. అప్పటిదాకా ఆ ఫోను మార్చవద్దు, రీసెట్ చేయవద్దు. సర్వే రిపోర్టు కాపీని బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి. మెకానిక్ రిపేరు బిల్లు మీద ఏ భాగాలు ఎందుకు మార్చాడో రాయించుకోండి.

ఎడమ బల్బును ఇంకా తీయలేదన్నారు. తీసేటప్పుడు వీడియో తీయించండి. దాని లోహపు కాలరు మీద అచ్చయిన 12 వోల్టులు, 100/90 వాట్లు అన్న అక్షరాలు కనిపించాలి. అట్టపెట్టె ఉంటే మరీ మంచిది: రోడ్డు మీద వాడకానికి కాదని దాని మీద ఉంటే, షాపుకు తెలిసే వేసిందని చెప్పడానికి పనికొస్తుంది, కానీ ఆ పెట్టె మీ చేతికిచ్చి ఉంటే మీరెందుకు చదవలేదని కూడా అడుగుతారు, సిద్ధంగా ఉండండి. ఆ బల్బును, కాలిన హోల్డర్‌ను కవరులో పెట్టి సీలు వేయండి. అవసరమైతే కమిషనే దాన్ని ల్యాబ్ పరీక్షకు పంపుతుంది.

ఈ వారంలోనే షాపుకు, బీమా కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, పదిహేను రోజులు గడువు పెట్టండి. జవాబు వచ్చినా రాకపోయినా అక్టోబర్ దాటకుండా ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఒకే ఫిర్యాదు వేయండి. షాపు హైదరాబాద్‌లో ఉన్నా, మీరు నివసించే జిల్లాపై అధికారం ఉన్న కమిషన్‌లోనే వేయవచ్చు, వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచీ దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు గనుక ఫీజు ఉండదు. ఒకే నష్టాన్ని ఇద్దరి దగ్గరా రెండుసార్లు రాబట్టలేరు. ఎవరు ఎంత ఇవ్వాలో కమిషన్ తేలుస్తుంది.

ఈలోగా బండిలో 60/55 వాట్ల ఆమోద ముద్ర ఉన్న బల్బులు జతగా వేయించండి. ఎల్‌ఈడీ బల్బుల జోలికి పోకండి. హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో అవి వెలుగును చెదరగొడతాయి, ఎదుటివారి కళ్లకు మిరుమిట్లు గొలపకూడదన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధన 106 కింద మళ్లీ మీరే దొరికిపోతారు. వెలుతురు తక్కువైతే పసుపెక్కిన అద్దం, మసకబారిన రిఫ్లెక్టరు, ఎర్త్ తీగ ముందు చూపించండి. పాత బండ్లలో చాలాసార్లు లోపం బల్బుది కాదు, వీటిదే.