ఏరోస్పేస్ పార్ట్స్ చేసే చిన్న యూనిట్‌కి రాష్ట్ర ప్రభుత్వ సాయం నిజంగా అందుతుందా?

మీరు అడిగింది ఇదీ: విజయవాడ ఆటోనగర్‌లో నాన్నగారి లేత్ షాపు ఉంది, మీరు మెకానికల్ చదివారు, రెండు వీఎంసీ మెషిన్లు (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్లు) కొని ఏరోస్పేస్, డిఫెన్స్ పనులు పట్టాలనుకుంటున్నారు. హైదరాబాద్ రావాలా, ఆంధ్రలోనే ఉండాలా? లైసెన్సు కావాలా? ప్రభుత్వం ఇస్తానంటున్న సబ్సిడీని నమ్ముకుని లెక్క వేసుకోవచ్చా?

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. వేసుకోకండి. సబ్సిడీ అబద్ధం కాదు, వస్తుంది. కాకపోతే మీరు ఈఎంఐ కట్టాల్సిన నెలలో మాత్రం రాదు. బ్యాంకుకి ఇచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులో ఆ కాలమ్‌లో సున్నా వేసుకుని కూడా షాపు నడుస్తుందంటేనే మెషిన్ బుక్ చేయండి. అలాగని అప్లై చేయకుండా వదిలేయకండి. అది ఇంకా పెద్ద నష్టం.

నేనూ మా బావా కలిసి హైదరాబాద్‌లో చర్లపల్లి వైపు ఒక చిన్న మెషినింగ్ యూనిట్ నడుపుతున్నాం. మొదట్లో ప్రభుత్వ రక్షణ సంస్థలకు జాబ్ వర్క్ చేశాం, తర్వాత విమాన విడిభాగాల్లోకి వచ్చాం. కాబట్టి చెప్పేదంతా చిన్న షాపు వైపు నుంచి చూసింది. వందల ఎకరాలు తీసుకునే వాళ్ల కథ వేరు, వాళ్లకి మంత్రులే ఫోన్ చేస్తారు.

కాగితం మీద ఏముందో చూద్దాం. మా వైపు సంగతి చెప్తాను: తెలంగాణ 2014లో టీ-ఐడియా అనే పాలసీ తెచ్చింది. అందులో సూక్ష్మ, చిన్న యూనిట్లకు పెట్టుబడిలో 15 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 20 లక్షలు. స్టాంపు డ్యూటీ మొత్తం వాపసు. కరెంటు యూనిట్‌కి రూపాయి చొప్పున ఐదేళ్లు వెనక్కి ఇస్తామన్నారు. రాష్ట్రానికి కట్టిన పన్ను ఐదేళ్లు వాపసు. క్వాలిటీ సర్టిఫికేషన్ ఖర్చులో సగం, 2 లక్షలకు మించకుండా. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు టీ-ప్రైడ్ కింద పెట్టుబడి సబ్సిడీయే 35 శాతం, 75 లక్షల దాకా. 2024 సెప్టెంబర్‌లో కొత్త ఎంఎస్ఎంఈ పాలసీ కూడా వచ్చింది కాబట్టి, మీరు అప్లై చేసే రోజుకి ఏ జీవో అమల్లో ఉందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, కాపీ తీసుకుని ఇంటికెళ్లి చదువుకోండి. కన్సల్టెంట్ చెప్పింది విని ఊరుకోవద్దు.

పైన చెప్పిన వాటిలో ఎన్నిసార్లు 'వాపసు' వచ్చిందో గమనించారా? ముందు మీరు కట్టాలి. షెడ్డు లేవాలి, మెషిన్ దిగాలి, ఉత్పత్తి మొదలవ్వాలి, ఆ తర్వాత గడువులోపు క్లెయిమ్ వేయాలి. అధికారులు వచ్చి మెషిన్ సీరియల్ నంబరు, ఇన్‌వాయిస్ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. కమిటీలో మంజూరవుతుంది. మంజూరు లెటర్ చేతికొచ్చిన రోజు స్వీట్లు పంచే వాళ్లని చూశాను. మంజూరు వేరు, విడుదల వేరు. బడ్జెట్‌లో డబ్బు పెట్టినప్పుడు, సీనియారిటీలో మీ వంతు వచ్చినప్పుడు ఖాతాలో పడుతుంది. ఈ బకాయిలు పేరుకుపోవడం ఏ ఒక్క పార్టీ ప్రభుత్వం ఘనతా కాదు. 2020 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రీస్టార్ట్ ప్యాకేజీ కింద చిన్న పరిశ్రమలకు 905 కోట్ల పాత ప్రోత్సాహకాలు చెల్లిస్తామని ప్రకటించింది. అంతకుముందు ఐదేళ్లుగా ఆగిపోయిన డబ్బది. ఆ ఐదేళ్లలో సబ్సిడీ మీద ఆశ పెట్టుకుని వర్కింగ్ క్యాపిటల్ ఊడ్చేసుకున్న షాపులు ఎన్ని మూతపడ్డాయో ఎవరూ లెక్క రాయరు.

ఇక నిజంగా పనికొచ్చినవి చెప్తాను. మొదటిది టీఎస్-ఐపాస్, అంటే పరిశ్రమల అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చే పద్ధతి. 2014 చట్టం. ఒకే అప్లికేషన్, పెద్ద ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతా వాటికి 30 రోజుల్లోపు అనుమతులు ఇవ్వాలి, ఆలస్యం చేసిన అధికారికి రోజుకి వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా ఎవరికైనా పడిందా అని అడక్కండి కానీ, ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో ఆన్‌లైన్‌లో కనిపించడమే మాలాంటి వాళ్లకి సగం టెన్షన్ తగ్గించింది. అంతకుముందు పొల్యూషన్ బోర్డు, ఫైర్, ఫ్యాక్టరీస్ అంటూ ఆఫీసులన్నీ విడివిడిగా తిరగాల్సి వచ్చేది.

రెండోది పెద్ద కంపెనీలను తెచ్చి పక్కన కూర్చోబెట్టడం. హైదరాబాద్‌కి పునాది వేసింది కేంద్రమే, ఆ మాట ఒప్పుకోవాలి. క్షిపణుల పరిశోధనశాల డీఆర్‌డీఎల్ 1960ల్లోనే ఇక్కడికొచ్చింది, క్షిపణులు తయారుచేసే బీడీఎల్ 1970, ప్రత్యేక లోహాలు చేసే మిధాని 1973. ఎనభైల్లో క్షిపణి కార్యక్రమం నడుస్తున్నప్పుడు బాలానగర్, సనత్‌నగర్, కుషాయిగూడ షాపుల్లో లేత్ మీద నిలబడ్డ వాళ్లే ఇక్కడి ఏరోస్పేస్‌కి మొదటి తరం. రాష్ట్రం చేసింది దాని మీద అంతస్తు కట్టడం. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఐఐసీ ఆదిభట్లలో ఏరోస్పేస్ సెజ్ వేసింది. అక్కడే టాటాలు సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్లు, లాక్‌హీడ్‌తో కలిసి సీ-130జే విమానం తోక భాగాలు మొదలుపెట్టారు. తర్వాత బోయింగ్‌తో కలిసి అపాచీ హెలికాప్టర్ ఫ్యూజిలాజ్‌లు, 2018లో మొదటిది వెళ్లింది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం మారినా ఆ పార్కు పని ఆగలేదు. శంషాబాద్ విమానాశ్రయం పక్కన ఫ్రెంచ్ కంపెనీ సాఫ్రాన్ వాళ్ల లీప్ విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబర్‌లో ప్రారంభమైంది. ఆ పెద్ద గేట్లు ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉండటం వల్ల వాళ్ల సప్లయర్ క్వాలిటీ ఇంజనీరు పొద్దున బయల్దేరి మీ షాపు చూసి మధ్యాహ్నానికి వెనక్కి వెళ్లగలడు. మాకు మొదటి ఆర్డరు అలాగే వచ్చింది, ఏ పాలసీలోనూ ఆ లాభం గురించి రాసి ఉండదు.

ఇంత చేసినా ఒక చోట పెద్ద గుంత ఉంది. స్పెషల్ ప్రాసెస్‌లు, అంటే మెషినింగ్ అయ్యాక చేసే పూతలు, హీట్ ట్రీట్‌మెంట్ లాంటివి. ఒక 7075 అల్యూమినియం బ్రాకెట్ తీసుకోండి. అరచేతిలో పట్టేంత ముక్క. మిల్లింగ్ మా దగ్గర అయిపోతుంది. అంచుల బర్ (కోశాక మిగిలే గరుకు) తీయడానికి అమ్మాయిలు భూతద్దం కింద పెట్టి స్క్రేపర్‌తో చేత్తో గీస్తారు, మా దగ్గర దీనికి మెషిన్ లేదు. తర్వాత మొదటి ముక్కకి ఎఫ్ఏఐ (మొదటి ముక్క తనిఖీ) ఫైలు. డ్రాయింగ్‌లో ఉన్న ప్రతి కొలతకీ ఒక గుండ్రం గీసి నంబరు వేయాలి, ఆ నంబరు ఎదురుగా ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఏ పరికరంతో కొలిచారు, ఆ పరికరం క్యాలిబ్రేషన్ ఎప్పుడు అయింది అన్నీ రాయాలి. మెటీరియల్ ఏ మిల్లు నుంచి, ఏ హీట్ నంబరుతో వచ్చిందో సర్టిఫికెట్ జత చేయాలి. ముక్క గ్రాముల్లో తూగుతుంది, ఫైలు మాత్రం పెళ్లి ఆల్బమ్ అంత. ఇంతా అయ్యాక యానోడైజింగ్‌కి (అల్యూమినియం మీద రక్షణ పొర ఏర్పరచడానికి) బెంగళూరు పంపుతాం, ఎందుకంటే కస్టమర్ ఒప్పుకున్న, నాడ్‌క్యాప్ (ఏరోస్పేస్ స్పెషల్ ప్రాసెస్‌లకు ఇచ్చే) గుర్తింపు ఉన్న షాపు అక్కడుంది. ఒకసారి ఒక లాటు మొత్తం గీతలతో తిరిగొచ్చింది. యానోడైజింగ్ వాళ్లు ప్యాకింగ్ మీద నెట్టారు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు యానోడైజింగ్ మీద నెట్టారు, కస్టమర్‌కి మాత్రం మేమే బాధ్యులం.

నన్ను అడిగితే, రాష్ట్రం కొత్తగా మరో వెయ్యి ఎకరాల పార్కు ప్రకటించే బదులు, చర్లపల్లి వైపు ఒకటి, ఆదిభట్ల వైపు ఒకటి ఉమ్మడి సదుపాయం పెట్టాలి: గుర్తింపు ఉన్న యానోడైజింగ్, హీట్ ట్రీట్‌మెంట్, క్రాక్ టెస్టింగ్. అద్దె కట్టి వాడుకుంటాం. కేంద్రం 2020లో 400 కోట్లతో డిఫెన్స్ టెస్టింగ్ సదుపాయాల స్కీమ్ పెట్టి 75 శాతం దాకా గ్రాంటు ఇస్తానంది కదా, రాష్ట్రాలు అలాంటి వాటి వెంట పడాలి. హైదరాబాద్–బెంగళూరు డిఫెన్స్ కారిడార్ ఇవ్వలేదని కేంద్రం మీద తెలంగాణ చాలాకాలం అలిగింది, కారిడార్లు ఉత్తరప్రదేశ్‌కీ తమిళనాడుకీ వెళ్లాయి. అలకలో న్యాయం ఉంది. కానీ మాకు కారిడార్ బోర్డు కన్నా యానోడైజింగ్ ట్యాంకు ముఖ్యం.

మూడోది చాలామందికి ప్రభుత్వ సాయంగా కనిపించనే కనిపించదు: చిన్న పరిశ్రమల బకాయిల కేసులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం కొనుగోలుదారు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, లేదంటే ఆర్బీఐ బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఆ కేసులు వినే కౌన్సిల్‌ని పెట్టేది రాష్ట్ర ప్రభుత్వమే. ఒక పెద్ద కస్టమర్ మా బిల్లులు నెలల తరబడి ఆపినప్పుడు మా బావ కేసు వేద్దామన్నాడు, నేను వద్దన్నాను, ఇంట్లో పెద్ద గొడవే అయింది. చివరికి వేశాం. డబ్బు వచ్చింది, ఆ కస్టమర్ పోయాడు. అందుకే ఆర్డర్లలో ఒకే కంపెనీ వాటా సగం దాటకుండా చూసుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ముందే చేయించి, నంబరు ప్రతి ఇన్‌వాయిస్ మీదా ప్రింట్ చేయించండి. ఆదాయపన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన కూడా వచ్చింది కాబట్టి, గడువులోపు కట్టకపోతే ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడం కుదరదని కొనే కంపెనీల అకౌంట్స్ వాళ్లే భయపడుతున్నారు.

లైసెన్సు గురించి కూడా అడిగారు. విడిభాగాల్లో చాలావాటికి డిఫెన్స్ ఇండస్ట్రియల్ లైసెన్సు అక్కర్లేదు, 2014లో కేంద్రం ఆ జాబితాని బాగా కుదించింది. లోన్‌కి సీజీటీఎంఎస్ఈ అనే గ్యారంటీ స్కీమ్ ఉంది, హామీ లేకుండా ఇచ్చే పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లు. బ్యాంకు మేనేజర్ ఇల్లు తాకట్టు పెట్టమంటే ఈ మాట గుర్తు చేయండి.

ఇప్పుడు హైదరాబాదా, ఆంధ్రానా? రాష్ట్రాల మధ్య పోటీ బాగా ఉంది, మీకది మంచిదే. దేవనహళ్లి దగ్గర ఏరోస్పేస్ పార్కు కోసం 1,777 ఎకరాలు తీసుకోవాలన్న ఆలోచనని రైతుల ఆందోళనతో కర్ణాటక 2025 జూలైలో విరమించుకుంటే, వెంటనే మా దగ్గరికి రండి అని ఆంధ్రా మంత్రి లోకేశ్ సోషల్ మీడియాలో పిలిచారు. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అంటున్నారు. అవన్నీ ఎదగడానికి టైమ్ పడుతుంది. పిలుపులు విని షెడ్డు మార్చకండి.

మీకు ఆటోనగర్‌లో సొంత షెడ్డు ఉంది, అద్దె లేదు, నాన్నగారి దగ్గర పనిచేసే చేతులున్నాయి. అది ఏ 25 శాతం భూమి రాయితీ కన్నా ఎక్కువ. అక్కడే మొదలుపెట్టండి. రెండు మెషిన్లు కాదు, ఒక్కటే కొనండి. రెండోదానికి అనుకున్న డబ్బులో కొంత మంచి కొలత పరికరాలకీ ఏఎస్ 9100 (ఏరోస్పేస్ క్వాలిటీ ప్రమాణం) సర్టిఫికేషన్‌కీ పెట్టండి. ముందు ఐఎస్ఓ 9001 వ్యవస్థ సరిగ్గా నడపండి, గోడకి తగిలించడానికి కాదు. బాలానగర్‌లోని టూల్ డిజైన్ శిక్షణ సంస్థ సీఐటీడీకి విజయవాడలో కూడా శాఖ ఉంది, మీ ఆపరేటర్లని అక్కడ ట్రైనింగ్‌కి పంపండి. పెద్ద కంపెనీ గేటు దగ్గర నిలబడేకన్నా, వాళ్లకి సప్లై చేస్తున్న మాలాంటి వాళ్ల దగ్గర ఓవర్‌ఫ్లో పని అడగండి. విజయవాడ నుంచి సరుకు రాత్రి ఎక్కిస్తే పొద్దున్నే హైదరాబాద్‌లో ఉంటుంది, దూరం పెద్ద విషయం కాదు.

మెషిన్ కొనే ముందు ఒక్క సంగతి మర్చిపోకండి: కొత్త మెషిన్ ఇన్‌వాయిస్, బ్యాంకు చెల్లింపు రశీదు, ఇన్‌స్టలేషన్ రిపోర్టు, కరెంటు కనెక్షన్ తేదీ, మొదటి అమ్మకం బిల్లు అన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి. తేదీలు ఒకదానికొకటి పొంతన కుదరక క్లెయిమ్ వెనక్కొచ్చిన వాళ్లు నాకు తెలిసిన వాళ్లలోనే ఉన్నారు. సెకండ్ హ్యాండ్ మెషిన్ అయితే సబ్సిడీకి లెక్కలోకి రాదనే అనుకుని బేరం ఆడండి.